చీకట్లో చూడవలసిన టీవీ

ఆదివారం పొద్దున్నే కొత్త ప్లాస్మా టీవీని పరీక్షించాలని, నచ్చకపోతే సాయంత్రంలోగా తిప్పి పంపాలని కొడుకూ కోడలూ అనుకున్నారు. దుకాణంలో అన్నిటికంటే చవక రకం అది. అయినా కోడలి ఆశంతా దానిమీదే. అత్తగారు పోయినప్పటినుంచి మామగారు గది దాటి రాలేదు. కంచం లోపలికే, పలకరింపు తలుపుకే. టీవీ అయినా ఆయన్ని హాల్లోకి రప్పిస్తుందేమోనని ఆమె ఆశ.

ప్లాస్మా అందం చీకట్లోనే తెలుస్తుందని, దూరంగా కూర్చుని చూడాలని దుకాణంవాడు చెప్పాడు. కొడుకు ఏ పనీ సగం చేసే మనిషి కాదు. కిటికీలకు దుప్పట్లు కట్టాడు. చోటు కోసం కుర్చీలన్నీ వరండాలో వరసగా వేసి, హాల్లో చాప పరిచాడు. పాడైన పాత టీవీని బల్లతో సహా తెల్లదుప్పట్లో చుట్టి, దుకాణం డ్రైవరు ఒక కొసా తను ఒక కొసా పట్టుకుని, మెల్లిగా వ్యానెక్కించి పంపేశాడు.

ఎదురింటి టీచరమ్మ ఇదంతా కిటికీలోంచి చూసింది. నెలల తరబడి బయట కనబడని పెద్దాయన, మూసిన కిటికీలు, వరండాలో కుర్చీలు, వ్యానెక్కిన తెల్లదుప్పటి మూట. లెక్కల టీచరు కాబట్టి జవాబు తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. "మనిషి మరీ అంత చిక్కిపోయారే," అని కళ్ళు తుడుచుకుంటూ వీధంతా చెప్పింది.

వస్తున్న జనాన్ని చూసి, టీవీ సంగతి అప్పుడే పాకిందని కొడుకు లోలోపల పొంగిపోయాడు. మాట్లాడవద్దని సైగచేసి అందరినీ చాపమీద కూర్చోబెట్టాడు. నలుపు ఎంత నల్లగా వస్తుందో చూడటానికి దుకాణంవాడిచ్చిన డిస్కు నడుస్తోంది. కటిక చీకటి, మధ్యలో ఒకే ఒక దీపం. అది తెర అని ఎవరికీ తట్టలేదు. వచ్చినవాళ్ళు దీపానికి దండం పెట్టి తలలు వంచుకున్నారు. చావింట్లో ఎవరు మాత్రం ఏమడుగుతారు?

చివరగా టైలరు వచ్చాడు. కోటు బిగుతుగా కుట్టాడని మామగారు, కొలత సరైనదే, ఒళ్ళే పెరిగిందని టైలరు పోట్లాడుకుని, ఏళ్ళ తరబడి మాటలు మానేశారు. ఇప్పుడు టైలరు భుజాలు అదిరేలా ఏడుస్తున్నాడు. బొమ్మ బాగుందని తెలుసుగాని, మరీ ఏడ్చేంత బాగుందని కొడుకు అనుకోలేదు.

టీచరమ్మ వంటింటి గుమ్మంలో కోడలి చెయ్యి పట్టుకుంది. "చివర్లో ఏమైనా అన్నారా అమ్మా?"

"ఎవరండీ?"

"మీ మామగారే."

కోడలు నోరు తెరిచేలోగా లోపలి గది తలుపు తెరుచుకుంది.

"ఎవరు పోయారు?" అన్నాడు మామగారు.

చాపమీదివాళ్ళు వెనక్కి జరిగారు. టైలరు మాత్రం తలెత్తి, అలవాటుకొద్దీ ఆయన్ని భుజాలనుంచి నడుందాకా కళ్ళతోనే కొలిచాడు.

"నువ్వే," అన్నాడు. "ఎంత చిక్కిపోయావయ్యా. ఆ కోటుందా?"

"పెట్టెలో ఏడుస్తోంది."

కోడలు పరుగున వెళ్ళి తెచ్చింది. చీకట్లో తనకు కుట్టు కనిపించదని టైలరు లేచి కిటికీ దుప్పటి లాగేశాడు. ఎండ పడగానే దీపం మాయమైంది. తెర అద్దంలో ఏడ్చిన మొహాలే మిగిలాయి.

కోటు సరిగ్గా పట్టింది.

"చూశావా? నా కొలత తప్పు కాదు."

"కాదులే," అన్నాడు మామగారు గుండీ తడుముకుంటూ. "తప్పంతా మా ఆవిడ వంటది." అక్కడే చాపమీద కూలబడ్డాడు. టైలరు పక్కకు జరిగి చోటిచ్చాడు.

వెలుతురులో పనికిరాదని తేల్చి, కొడుకు సాయంత్రానికి టీవీని తిప్పి పంపాడు. కంచాలు హాల్లోనే పెట్టారు, ఎటూ చాప పరిచే ఉంది.