గొడుగు బొమ్మకి పోటీదారు

ఆ సోమవారం పొద్దున గ్రాములాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. గురువారం పదింటికల్లా వేలం హాలుకి వెళ్ళాలి, వెనక వరసలో కూర్చోవాలి, నలభై ఒకటో నంబరు బొమ్మ వచ్చేదాకా నోరు మూసుకోవాలి. వచ్చాక చెయ్యెత్తి పాట పాడాలి, బొమ్మని చంకలో పెట్టుకుని పన్నెండింటికి ఇంటికొచ్చి వంట చేసుకోవాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందో ఆయనకి కనపడలేదు. తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, కొట్లలో త్రాసు పళ్ళెం కింద అంటించిన మైనం ముద్దల్ని వేలితో తడిమి పట్టుకున్న మనిషి ఆయన. వీధిలో ఆయనకి ఆ పేరు అందుకే వచ్చింది. ఎదుటివాళ్ళ తప్పు పట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. ఆయన తప్పులు పట్టే పని ఇంట్లో ఆవిడ చూసుకునేది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది.

పాత నీటిరంగుల బొమ్మలు కొనడం ఆయనకి ఉద్యోగంలో ఉండగానే అంటుకున్న జబ్బు. సంతకం తెలిసిన పెద్ద చిత్రకారుల బొమ్మలు ఆయన జేబుకి అందవు. ఎవరు వేశారో తెలియనివి, అంచులు చిరిగినవి, తేమకి గోధుమరంగు మచ్చలు పడ్డవి కొనేవాడు. కొన్న ప్రతిదాన్నీ వంటింటి గుమ్మంలో పట్టుకుని నిలబడి, అందులో గొప్పేమిటో ఆవిడకి అరగంట చెప్పేవాడు. ఆవిడ కూరలు తరుగుతూ “ఊఁ” అనేది. వింటోందో లేదో కూడా తెలిసేది కాదు. ఆ “ఊఁ” లేకపోతే బొమ్మ సగమే కొన్నట్టుంటుందని ఆయనకి తర్వాత తెలిసింది. ఇప్పుడు ఇంట్లో ముప్ఫై ఆరు బొమ్మలున్నాయి, వినేవాళ్ళు లేరు.

నలభై ఒకటో నంబరు బొమ్మ వందేళ్ళ కిందటిది. వాన వెలిసిన పడవల రేవు, ఒడ్డున ఒక చెక్క బల్ల, బల్ల మీద ఎవరో మర్చిపోయిన గొడుగు. అంతే, మనిషన్నవాడు లేడు. కానీ ఆ గొడుగు మీద వెలుగుంది చూశారూ, అది రంగు కాదు. నీటిరంగుల పనిలో దిట్టయినవాడు తెల్లరంగు జోలికి పోడు. వెలుగు కావలసిన చోట కాగితాన్ని తాకకుండా వదిలేస్తాడు. ఆ వేసినవాడెవరో గొడుగు చుట్టూ వెంట్రుకవాసి కాగితాన్ని వదిలేసి రేవంతా తడిపేశాడు, చెయ్యి ఎక్కడా వణకలేదు. అమ్మకానికి ముందు వారం రోజులూ బొమ్మల్ని హాలు గోడలకి తగిలించి ఉంచుతారు. గ్రాములాయన శుక్రవారం, శనివారం వెళ్ళి దాని ముందు నిలబడ్డాడు. ఆ రెండు రోజుల్లో దాని ముందు ఇంకెవరూ ఆగలేదు. ఒకాయన ఆగాడు గానీ, బూటు లేసు కట్టుకోవడానికి.

పథకానికి మొదటి చిల్లు సోమవారం మధ్యాహ్నమే పడింది. బొమ్మలకి అద్దాలు, ఫ్రేములు కట్టే షాపాయన ఒకడున్నాడు. ఆయనకి బొమ్మల సంగతి తెలియదు, గ్రాములాయన సంగతి తెలుసు. ఈయన దేనికి చెయ్యెత్తితే దానికే తనూ ఎత్తి, పై ధరకి పాడుకుపోయి, బంగారురంగు ఫ్రేము కట్టి అమ్ముకుంటాడు. ఆ రోజు షాపు ముందు నుంచి వెళుతుంటే పిలిచి మరీ అడిగాడు.

“ఏమండీ, గురువారం దేనిమీద కన్నేశారు?”

“ఏం లేదు. ఊరికే చూసి పోదామని.”

“మీరు ఊరికే చూడరు లెండి” అని ఫ్రేములాయన నవ్వాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు గ్రాములాయన మొహం ఎర్రబడింది. ఇక తను చెయ్యెత్తకూడదనుకున్నాడు. వేలానికి రాలేనివాళ్ళ కోసం హాల్లో ఒక పద్ధతి ఉంది. కొనదలచిన బొమ్మ నంబరు, పెట్టగలిగిన పై మొత్తం చీటీ మీద రాసి, సంతకం పెట్టి, కవరు అంటించి పెట్టెలో వేస్తే చాలు. ఆ మొత్తం దాటనంతవరకూ వేలం వేసే ఆయనే వాళ్ళ బదులు పాడతాడు. పోటీ లేకపోతే మొదటి ధరకే వచ్చేస్తుంది. గ్రాములాయన మంగళవారం చీటీ రాశాడు. పై మొత్తం ఇరవై వేలు. తన పేరు రాస్తే ఆఫీసులోవాళ్ళు ఎవరైనా ఫ్రేములాయనకి ఉప్పందిస్తారేమోనని, ఎనిమిదో తరగతిలో తనకి లెక్కలు చెప్పిన మాస్టారి పేరు రాశాడు. జీవితంలో రాసిన మొదటి అబద్ధం కాబట్టి కవరుకి జిగురు ఎక్కువే పూశాడు.

బుధవారం పొద్దున అక్క ఫోను చేసింది. వారానికొకసారి ఆవిడ చేసే ఫోనే ఆ ఇంట్లో మోగే ఫోను. మాటల్లో చీటీ సంగతి చెప్పాడు.

“ఎంత రాశావు?”

“ఇరవై వేలు. అది పై మొత్తమే అక్కా, అంత పెట్టాలని కాదు.”

“ముందే జేబు చూపించి బేరమాడేవాణ్ణి నిన్నే చూశానురా. ఇరవై ఉందని తెలిశాక పదికి ఎవడిస్తాడు?”

“అలా చెయ్యరు, వాళ్ళకి రూల్సుంటాయి.”

“అందరి త్రాసులూ తనిఖీ చేసినవాడివి, నువ్వేనా ఆ మాటనేది? ముందు ఆ చీటీ వెనక్కి తీసుకో. అయినా ఒక్కడివి, ఆ కాగితాలన్నీ ఏం చేసుకుంటావురా?”

పదికి ఎవడిస్తాడన్న మాటకి ఆయన నిలువునా భయపడి, వెంటనే వేలం ఆఫీసుకి ఫోను చేశాడు. గుమస్తా అమ్మాయి తీసింది.

“నలభై ఒకటో నంబరుకి చీటీ వేశానమ్మా. అది తీసేయాలి.”

“మీ పేరు చెప్పండి.”

ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు. ఇంటిపేరుతో సహా తన పేరు చెప్పాడు. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

“మీ పేరు మీద చీటీ ఏదీ లేదండి.”

“అంటే తీసేసినట్టేనా?”

“అసలే లేదంటున్నానండి.”

“నాకు కావలసిందీ అదేనమ్మా.”

ప్రభుత్వ ఆఫీసులో పనిచేసినవాడికి, కాగితం లేదన్నారంటే ఇక ఆ వ్యవహారం ముగిసినట్టే లెక్క. ఆయన నిశ్చింతగా ఫోను పెట్టేశాడు. ఎవరేమనుకున్నా సరే, రేపు వెళ్ళి తనే పాడతాడు.

గురువారం హాల్లో పాతికమంది ఉన్నారు. గ్రాములాయన వెనక వరసలో, పాట పాడేవాళ్ళకిచ్చే ఇరవై ఏడో నంబరు అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఫ్రేములాయన ముందు వరసలోనే ఉన్నా, నలభై ఒకటి వచ్చేసరికి అదృష్టవశాత్తూ టీ తాగుతూ అటు తిరిగి మాట్లాడుతున్నాడు.

“నలభై ఒకటి. రేవు, గొడుగు. మూడు వేల నుంచి” అన్నాడు వేలం వేసే ఆయన.

గ్రాములాయన అట్ట ఎత్తాడు.

“మూడు వేలు, వెనక వరస. నాలుగు, నా దగ్గర చీటీ ఉంది.”

తనది లేదన్నారు, ఇది ఇంకెవరిదో అనుకున్నాడు. మళ్ళీ ఎత్తాడు. అయిదు. చీటీ ఆరు అంది. ఏడు. చీటీ ఎనిమిది. ఈ రాకపోకల చప్పుడుకి ఫ్రేములాయన టీ కప్పు దించి వెనక్కి తిరిగాడు. ఇద్దరు ఇంత పంతం పట్టారంటే ఇది ఏ మహానుభావుడి చేతి పనో అయ్యుంటుందనుకుని తనూ చెయ్యెత్తాడు. ఆయన ఎత్తాడని పక్కనున్న పాతసామాన్ల షాపాయన ఎత్తాడు. ఒకరు దూకారని ఇంకొకరు, పట్టుమని మూడు నిమిషాల్లో, వారంపాటు ఎవరూ చూడని గొడుగు పదమూడు వేలకి చేరింది. అక్కడ పాతసామాన్లాయన జారుకున్నాడు. పద్నాలుగు దగ్గర ఫ్రేములాయన చెమట తుడుచుకుని, “మన చేతిలో లేదు” అని చేతులు కట్టుకున్నాడు. ఇక మిగిలింది గ్రాములాయన, చీటీ.

పదిహేను దాకా ఆయనకి ఒళ్ళు మండిపోయింది. ఎవడు వీడు, ఇంట్లో కూర్చుని కాగితం మీద గీసి పారేసి, నా బొమ్మ నా చేతిలోంచి లాక్కుంటున్నాడు. పదహారు దగ్గర ఇంకో ఆలోచన వచ్చింది. ఊరికే గీసి పారేసేవాడైతే ఇంతదాకా రాసి ఉండడు. వీడు బొమ్మని చూశాడు. తను లేని రోజున వచ్చి, దాని ముందు నిలబడి, గొడుగు మీద వదిలేసిన కాగితాన్ని చూశాడు. పదిహేడున్నర దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి మీద కోపం పోయి, చూడాలనిపించింది. ఇన్నేళ్ళుగా హాలుకి వస్తున్నాడు, తను చూసిందే చూసినవాడు ఒక్కడు తగల్లేదు. ఎవరై ఉంటారు? ఉద్యోగం మానేసినవాడా? ఇంట్లో ఎవరైనా ఉన్నారా, లేక తనలాగేనా?

“పద్ధెనిమిదిన్నర, వెనక వరస. పంతొమ్మిది, చీటీ. అయ్యా, ఇరవై ఏడు నంబరు గారూ, ఇంకా ఉన్నారా?”

జేబులో పాతిక వేలున్నాయి. ఇంకో రెండుసార్లు చెయ్యెత్తితే బొమ్మ ఆయనది. ఆయన ఎత్తబోయి ఆగాడు. గెలిస్తే గోడకి ఇంకో మేకు. ఓడితే, డబ్బు కట్టి బొమ్మ తీసుకెళ్ళడానికి ఆ మనిషి ఈ హాలుకే రావాలి. ఇరవై ఏడో నంబరు అట్టని తొడ కింద పెట్టుకుని, వద్దన్నట్టు తలూపాడు.

“ఒకటోసారి. రెండోసారి. మూడోసారి” అని సుత్తి పడింది.

ఆయన నేరుగా డబ్బు కట్టే గది ముందు బెంచీ మీదికెళ్ళి కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాడు. ‘నమస్కారమండీ, ఇందాక మీకు పోటీ వచ్చింది నేనే.’ వద్దు, దెబ్బలాటలా ఉంటుంది. ‘ఆ గొడుగు మీద వెలుగు చూశారా?’ ఇది బాగుంది. చూశానంటే ఇంటికి రమ్మనాలి, ముప్ఫై ఆరు బొమ్మలూ చూపించాలి. ఒక్క రోజులో అన్నీ అవవు, మళ్ళీ రావలసి వస్తుంది. తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడ్డాడు. ఒక పొడుగాటాయన వచ్చి గోడ గడియారం తీసుకుపోయాడు. ఒకావిడ అద్దం మొయ్యలేక మోస్తూ వెళ్ళింది. ఒంటిగంట దాటింది. హాలు ఖాళీ అయింది.

గుమస్తా అమ్మాయి తలుపులోంచి తల బయటపెట్టింది. “ఎవరికోసమండీ?”

“నలభై ఒకటి కొన్న ఆయన కోసం.”

“నేనూ ఆయన కోసమే చూస్తున్నా. ఆయనొస్తే భోజనానికి వెళ్ళాలి.” అని కవరు తిప్పి మీదున్న పేరు చదివింది.

అది లెక్కల మాస్టారి పేరు. గ్రాములాయన ఒక్క క్షణం ఈ లోకంలో లేడు. మాస్టారా? మాస్టారికి బొమ్మలంటే ఇష్టమా? ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం? ఆ తర్వాత మాస్టారు పోయి ఇరవై ఏళ్ళయిందని, సంతాప సభలో మాట్లాడింది తనేనని గుర్తొచ్చింది. ఆ తర్వాత మిగతాది గుర్తొచ్చింది. ఆయన మెల్లగా బెంచీ మీద కూర్చున్నాడు.

“ఒంట్లో బాలేదా అండీ? మంచినీళ్ళు తేనా?”

“ఆ చీటీ ఒకసారి చూపించమ్మా.”

ఆమె చూపించింది. ఇరవై వేల పక్కన చుక్క పెట్టి, కిలోల పక్కన గ్రాములు వేసినట్టు మూడు సున్నాలు చుట్టి ఉన్నాయి. చేతిరాత ఆయనదే. జరిగింది చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వకుండా వినడానికి చాలా కష్టపడింది.

“అంటే మీ మీద మీరే పాడుకున్నారా? మరి మధ్యలో ఇంకో ఇద్దరు పాడారు కదండీ?”

“వాళ్ళు మా ఇద్దర్నీ చూసి వచ్చారమ్మా.”

“మీరు రాకుండా ఇంట్లో కూర్చుని ఉంటే మూడు వేలకే వచ్చేది” అంది ఆమె. అనకుండా ఉండాల్సిందని వెంటనే అనుకున్నట్టుంది, తల దించుకుని రసీదు రాసింది. కొన్నవారి దగ్గర మాస్టారి పేరు వేసి, ‘తరఫున’ అని రాసి, కింద ఆయన సంతకం, చిరునామా తీసుకుంది. ఆకలి మీద ఉంది కాబట్టి ఇంకేం అడగలేదు. గ్రాములాయనకి పోయిన పదహారు వేల మీద బాధ లేదు. బెంచీ మీద కూర్చున్న గంటన్నరలో ఒక మనిషి దొరికి, పోయాడు. ఆ బాధ మాత్రం మింగుడు పడలేదు.

మెట్ల దగ్గర ఫ్రేములాయన కాచుకుని ఉన్నాడు. ఆయన చంకలో బొమ్మ చూసి దగ్గరికొచ్చాడు.

“ఆ చీటీ ఆసామి మీకు తెలిసినాయనేనా? ఇరవై రెండు వేలిస్తాను, అడిగి చూడండి.”

“ఆయన అమ్మడు.”

“పోనీ ఒకసారి కలపండి. అంత కన్నున్న మనిషిని చూడాలనుంది.”

“కలవడు. ఎవరింటికీ వెళ్ళడు, ఎవరూ ఆయనింటికి రారు” అన్నాడు గ్రాములాయన. “మంచివాడే. అలా ఉండిపోయాడు.”

“పాపం” అన్నాడు ఫ్రేములాయన.

ఆ మాటకి గ్రాములాయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. బొమ్మ బరువుగా ఉందని చెప్పి అక్కణ్ణుంచి కదిలాడు.

పది రోజులకి వేలం హాలు నుంచి ఆ చిరునామాకి వచ్చే నెల అమ్మకానికి రెండు ఆహ్వానాలు వచ్చాయి, ఒకటి ఆయన పేరున, ఒకటి మాస్టారి పేరున. గ్రాములాయన ఇద్దరం వస్తున్నామని జవాబు రాసి, ఈసారి పాట మాస్టారు ఒక్కరే పాడతారని, తను ఊరికే పక్కన కూర్చుంటానని కింద ఒక వాక్యం చేర్చాడు.