గళ్ల కాగితం మీద కానుగ చెట్టు

ఆ మంగళవారం దండపాణి వేసుకున్న పథకం చిన్నదే. కనకమ్మ సత్రం ఊళ్లో బస్సు దిగి, తిరుత్తణి బస్సు వచ్చేలోపు కానుగ చెట్టు బొమ్మలో మిగిలిన కొమ్మ పూర్తి చేసి, కొండకెళ్లి వారం వారం మొక్కు తీర్చుకోవాలి. ముప్ఫై ఏళ్లు గుంత మగ్గంలో చీర అంచు తప్ప మరేమీ చూడని మనిషి, మోకాళ్లు మొరాయించి మగ్గం దిగాక, ఆకు ఆకుకూ పచ్చదనం వేరని కనిపెట్టాడు. అంచు డిజైను గీసే గళ్ల కాగితం మీదే, పోగు లేవాల్సిన చోట ఎర్ర గుర్తు పెట్టే పాత అలవాటుతోనే, చెట్టును గడి గడిగా గీస్తున్నాడు.

చెట్టు కింద టీ అంగడి సుగంధిది. భర్త పోయాక ఆమెకు మిగిలింది ఆ రేకుల షెడ్డే. రోడ్డు వెడల్పు చేస్తారని పుకారు. మూడు వారాలుగా ఆమె ఆ ఎర్ర గుర్తులనే చూస్తోంది.

"సారు, గుర్తులు యాడ దాకా వస్తాయి?"

"కొమ్మ ఉండే దాకామ్మా. నీ రేకు కూడా కొంచెం వస్తాది."

ఆమె రెండు బోండాలు తెచ్చి పెట్టింది. మొక్కుకున్నవాడంటే ఈ ఊళ్లో ఎంత భక్తి అనుకుని దండపాణి కళ్లకద్దుకుని తిన్నాడు.

బస్సు కదలగానే సుగంధి మరిది మునిరాజ్‌ను పిలిచి ఏడ్చింది.

"ఏడవద్దు వదినా," అన్నాడు మునిరాజ్. "చెట్టు మీదనే కదా గుర్తు పెట్టినాడు? చెట్టే లేకుంటే యాడ పెడతాడు?"

మరుసటి మంగళవారం దండపాణి దిగేసరికి చెట్టు లేదు. మొద్దు మీద నీళ్ల డ్రమ్ము ఉంది. గోరువంకలు రెండు కరెంటు తీగ మీద కూర్చుని కిందికి చూస్తున్నాయి.

"క్లీన్ చేసేసినాం సారు," అంది సుగంధి. "అంగడిని మాత్రం వదిలేయండి."

"నేనేం సారునమ్మా? మగ్గం నేసేవాణ్ణి. బాగుందని గీసుకున్నా, అంతే."

పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. చూసి సంతోషపడటం కూడా పాపమేనా మురుగా అని దండపాణి మనసులోనే అడిగాడు. జవాబుగా రోడ్ల శాఖ జీపు వచ్చింది. రోడ్డు పక్క చెట్టు కొట్టేశారని ఎవరో ఫిర్యాదు చేశారట.

"చెట్టా? మా తాత కాలం నుంచి ఈడ చెట్టే లేదు సార్," అన్నాడు మునిరాజ్ డ్రమ్ముకు ఆనుకుని.

దండపాణి గళ్ల కాగితాన్ని మెల్లగా సంచిలోకి తోశాడు. అది చూసి, జీపు దిగిన అధికారి చెయ్యి చాచాడు. కాగితం మీది చెట్టును చూశాడు. తర్వాత దాని కింది రేకును చూసి, రోడ్డు అంచు దాటి వచ్చిన గళ్లను వేలితో లెక్కపెట్టాడు.

"ఇంత సరిగ్గా మావాళ్లు కూడా గీయలేదు పెద్దాయనా," అని మెచ్చుకుని, షెడ్డు తీసేయమని నోటీసు రాసి, బొమ్మను దానికి జతచేసి ముద్ర వేశాడు.

ఆ రోజు నుంచే సుగంధి ఆయన్ని సారు అనడం మానేసింది.