ఎనిమిదింటి సభ

ఏడున్నరకు గడ్డం గీసుకోవడం, ఎనిమిదిన్నరకు పెసరట్టు, తొమ్మిదిన్నరకు షామియానా, పదింటికి సభ. ఆ శనివారం పొద్దున హెడ్మాస్టరు కృపానందం గారి ప్లాను ఇదీ. నోటీసులో మాత్రం సభ ఎనిమిదింటికని ఉంది. ఇరవయ్యేళ్లుగా అంతే. ఆయన ఎనిమిదని రాస్తారు, తల్లిదండ్రులు పదికి వస్తారు, అధికారులూ పదికే వస్తారు. అందరికీ తెలిసిన అబద్ధం కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఈసారి వచ్చేది విద్యాశాఖ అధికారి హనుమయ్య గారు. ఆయన మనసు పెడితే బడికి పది కంప్యూటర్లు వస్తాయి. ఉన్నది ఒక్కటి, దాని ముందు నాలుగొందలమంది పిల్లలు. ఆ ఒక్కదాని మీదే పదో తరగతి వినీల, మునీర్ కలిసి బడికో వెబ్‌సైట్ తయారు చేశారు. పరీక్షల తేదీలు, సెలవులు, ఎవరో పారేసుకున్న టిఫిన్ డబ్బా మూత, ప్రకటనలన్నీ ఒక్కచోటే. అది చూసి అధికారి మురిసిపోవాలని మాస్టారి ఆశ.

మునీర్ అందులో సభకు ఇంకా ఎంతసేపుందో చూపే గడియారం కూడా పెట్టాడు. అక్కడ వచ్చింది తంటా. బెంజ్ సర్కిల్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో దాన్ని చూసిన తల్లిదండ్రులు, "చీటీ మీద మాస్టారు ఏదైనా రాస్తారు. కంప్యూటర్లో సెకన్లతో సహా తిరుగుతోందంటే నిజమే అయ్యుంటుంది" అని తేల్చేశారు. ఆ మాట పటమటంతా పాకింది.

శనివారం ఎనిమిదికి పది నిమిషాలుందనగా అటెండరు శౌరయ్య రొప్పుతూ వచ్చాడు.

"అయ్యగారూ, జనం!"

"ఎంతమంది?"

"గేటు కనపడట్లేదండీ!"

మాస్టారు ఒక చెంప సబ్బు నురగతోనే పరుగెత్తారు. ముందు వరసలో ఓ పిల్లాడి తల్లి సంపూర్ణమ్మ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"ఇడ్లీ బండి మూసుకుని మరీ వచ్చానండీ మాస్టారూ! ఎనిమిదయింది, కానివ్వండి మరి!"

అబద్ధం రాశానని ఇంతమంది ముందు ఒప్పుకునేదెలా? మాస్టారు నోటికొచ్చింది అనేశారు.

"నేనేం చెయ్యనమ్మా? అధికారి గారింకా రాలేదు. పెద్దవాళ్లు, ఏమనగలం?"

జనం కోపమంతా హనుమయ్య గారి మీదికి మళ్లింది. హమ్మయ్య అనుకున్నారు మాస్టారు. పక్కనే ఉన్న వినీల ఆ మాట విని చక్కా వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్న సంగతి ఆయన గమనించలేదు.

తొమ్మిదీ ముప్పావుకల్లా ఓపిక నశించి జనం వెళ్లిపోయారు. పదింటికి జీపు దిగిన హనుమయ్య గారికి ఖాళీ మైదానం ఎదురైంది.

"జనమేరండీ?"

"ముందు మా పిల్లల వెబ్‌సైట్ చూద్దురు గాని రండి సార్" అంటూ మాస్టారు మాట మార్చి లోపలికి లాక్కెళ్లారు.

మునీర్ గర్వంగా తెర చూపించాడు. 'ఎనిమిదింబావు: అధికారి గారు రాలేదు. ఎనిమిదిన్నర: అధికారి గారు రాలేదు. తొమ్మిది: అధికారి గారు ఇంకా రాలేదు. తొమ్మిదీ ముప్పావు: ఎదురుచూసి తల్లిదండ్రులు వెళ్లిపోయారు.'

పది కంప్యూటర్లూ కృష్ణలో కలిసినట్టే అనుకున్నారు మాస్టారు. "ఏంటమ్మా ఇది?" అన్నారు నీరసంగా.

"ప్రకటన ఏదైనా వెంటనే వెయ్యాలన్నారు కదండీ" అంది వినీల.

హనుమయ్య గారి మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "ఇది ఎవరెవరికి కనపడుద్ది బాబూ?"

"ప్రపంచమంతా సార్!"

"ప్రపంచం సంగతి సరే, హైదరాబాదులో మా డైరెక్టరు గారికి?"

"ఆయన తెరిస్తే చాలు సార్."

హనుమయ్య గారు మాస్టారి చెయ్యి పట్టుకున్నారు. "తప్పు నాదేనండీ మాస్టారూ. మీరు ఎనిమిదనే రాశారు, నేనే ఎప్పట్లాగా పదికి వచ్చాను. సోమవారానికల్లా పది కంప్యూటర్లు పంపిస్తాను. ఆ నాలుగు ముక్కలూ తీయించెయ్యండి, మీకు పుణ్యముంటుంది!"

ఇరవయ్యేళ్ల సర్వీసులో ఒక అధికారి తనకు క్షమాపణ చెప్పడం మాస్టారికి అదే మొదలు. తబ్బిబ్బైపోయి, అలాగేనంటూ ఆయన్ని జీపుదాకా సాగనంపారు.

జీపు మలుపు తిరిగాక వినీల మళ్లీ కీబోర్డు ముందుకు జరిగింది. "సార్, అధికారి గారు ఎన్నింటికి వచ్చారని వెయ్యమంటారండీ?"

"సకాలంలో విచ్చేశారని వెయ్యమ్మా," అన్నారు మాస్టారు, "అంకెలతో మనకెందుకు?"