తాడుకు జరిగిన సన్మానం

సిద్దిపేట శిలారోహకుల సంక్షేమ సంఘం ఏర్పడిన నాటి నుంచి నేటి వరకు ఒక్క ప్రమాదం కూడా జరగలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఎవరూ గుట్ట ఎక్కకపోవడమే దీనికి కారణమని గిట్టనివాళ్లు అంటారు. గిట్టనివాళ్లు ఏదో ఒకటి అనకుండా ఉండరు. భద్రతకు ఇంతకంటే మంచి పద్ధతి ప్రపంచంలో ఎక్కడైనా ఉంటే వాళ్లే చూపించాలి.

సంఘానికి సభ్యుల కొదవ లేదు. అధ్యక్షుడు ఓంప్రకాశ్ ప్లాట్ల వ్యాపారి. ఊరి చుట్టూ ఉన్న గుట్టల్లో కొన్నింటిని ఆయన ఇదివరకే చదును చేసి అమ్మేశారు కాబట్టి, గుట్టల విషయంలో ఆయనకున్నంత అనుభవం మరొకరికి లేదు. ఆయన తర్వాత గౌరవాధ్యక్షులు, ఉపాధ్యక్షులు, సలహాదారులు, ప్రచార కార్యదర్శులు ఉన్నారు. ఏ పదవీ లేకుండా మిగిలిపోయింది సింధూజ ఒక్కతే. ఆ అమ్మాయికి గుట్టలెక్కడం వచ్చు. ఎక్కడం వచ్చినవాళ్లకు మళ్లీ పదవి కూడా ఎందుకని కార్యవర్గం భావించింది.

ఈ కథలో మనం వెంట తిరగబోయేది భద్రతా కార్యదర్శి నరహరి. పాత బస్టాండు దగ్గర కరెంటు సామాన్ల దుకాణం ఆయనది. భువనగిరి గుట్ట మీద కొన్నాళ్లు శిక్షణ తీసుకుని తాడు పట్టడం నేర్చుకుని వచ్చాడు. పైన ఒకరు ఎక్కుతుంటే కింద ఒకరు తాడు పట్టుకుని నిలబడాలి. ఎక్కేవాళ్లు జారితే ఆ తాడే ఆపుతుంది. అంటే పైనున్న ప్రాణం కిందున్న చేతుల్లో ఉంటుంది. ఈ సంగతి నరహరి మనసుకు గట్టిగా పట్టింది. భువనగిరిలో సింధూజ ఎక్కినప్పుడు తాడు పట్టేది ఆయనే. ఆ పిల్లది నంగునూరు. తండ్రి భివండిలో మగ్గాల పని చేస్తాడు. తల్లి బాలవ్వ బీడీలు చుడుతుంది. పిల్ల సిద్దిపేటలో డిగ్రీ చదువుతూ, సెలవు దొరికితే బస్సెక్కి భువనగిరి పోయి గుట్టలెక్కి వచ్చేది. గుట్టలెందుకెక్కుతవే అని తల్లి అడిగితే, పైకి పోయినంక చెప్తనని జవాబిచ్చేది.

నరహరి మంచివాడు. పెద్దమనుషుల ముందు నోరు పెగలదు, అంతే. ఈ ఒక్క గుణం వల్లే ఆయనకు పదవి కూడా దక్కింది.

సిద్దిపేటలో సరైన తాడు లేదని తెలిసి, హైదరాబాదులో గుట్టలెక్కే మిత్రులు తలా ఇంత వేసుకుని ఒక కొత్త తాడు, కొన్ని హెల్మెట్లు, నడుముకు తొడుక్కునే హార్నెస్‌లు కొని పంపించారు. ఎన్నడూ మొహం చూడని వాళ్ల కోసం ఇలా చేయడం గుట్టలెక్కేవాళ్లకు అలవాటేనట. ఇందులో వాళ్ల స్వార్థం ఏమై ఉంటుందని కార్యవర్గం చాలాసేపు చర్చించింది. ఏమీ తేలకపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది.

సామాన్లు వచ్చిన రోజు నరహరి అందరినీ కూర్చోబెట్టి భద్రత మీద నాలుగు మాటలు చెప్పాడు. మొదటి మాట, తాడును తొక్కకూడదు. తొక్కితే దుమ్ము, రాళ్లపొడి లోపలికి దిగి పోగులు పాడవుతాయని వివరించబోయాడు. ఆ అవసరమే రాలేదు. కాలు తగిలితే కళ్లకద్దుకోవాలని సభ్యులకు చెప్పకుండానే అర్థమైంది. సాయంత్రానికల్లా తాడుకు పసుపు కుంకుమలు పెట్టి, దండ వేసి, మధ్యలో ఒక నిమ్మకాయ కోసి పిండారు. నిమ్మరసం తాడుకు మంచిది కాదని నరహరి గొణిగితే, దిష్టి అంతకంటే మంచిది కాదని గౌరవాధ్యక్షులు సెలవిచ్చారు.

అటుపిమ్మట తాడును, గుట్టను ఒకేసారి ప్రజలకు అంకితం చేయాలని తీర్మానం జరిగింది. నారాయణరావుపేట దారిలో ఉన్న ఎలుగుబంటి గుట్ట ఎన్ని యుగాల నుంచో ప్రారంభోత్సవం లేకుండా పడి ఉంది. ముఖ్య అతిథిగా సిద్ధయ్య గారిని పిలిచారు. అందరికీ ఆయన సిద్ధన్న. ప్రస్తుతం ఏ పదవిలోనూ లేరు. రాబోయే పదవికి ఇవ్వాల్సిన గౌరవాన్ని జనం ముందుగానే ఇచ్చేస్తుంటారు.

ఆ ఆదివారం గుట్ట దగ్గర ఏర్పాట్లు ఘనంగా జరిగాయి. గుట్ట కనిపించకుండా ఫ్లెక్సీ కట్టారు. అందులో సిద్ధన్న మంచుకొండ మీద నిలబడి చేయి ఊపుతున్నారు, తెల్లచొక్కాతోనే. హార్నెస్‌లు వేదిక మీది పెద్దలందరూ తొడుక్కున్నారు. ఓంప్రకాశ్ తనది బిగుతుగా తొడుక్కుని పొద్దుటి నుంచి కూర్చోలేక నిలబడే ఉన్నారు. ఆ నిలబడటాన్ని జనం వినయం అనుకున్నారు. హెల్మెట్లు కూడా వేదిక వరకే సరిపోయాయి. సింధూజ కోసం వెతగ్గా వెతగ్గా ఒకటి దొరికింది గాని, అందులో అతిథుల కోసం అరటిపండ్లు పెట్టారు. పండ్లు అయిపోయేదాకా ఆగమన్నారు.

ఇంతలో ఒక పెద్ద ఆపద తప్పింది. ప్రారంభోత్సవానికి తెచ్చిన రిబ్బన్ అవతలి పార్టీ జెండా రంగులో ఉందని ఎవరో కనిపెట్టారు. ఇంకో రంగు తెద్దామంటే అది ఇంకో పార్టీది. ఏ పార్టీకీ చెందని రంగు ఈ రోజుల్లో ఇంద్రధనుస్సులోనే దొరకదు, సిద్దిపేటలో ఎక్కడ దొరుకుతుంది? సిద్ధన్న బండ్లు మలుపు దగ్గర కనిపిస్తున్నాయి. అప్పుడు ఓంప్రకాశ్ చూపు తాడు మీద పడింది. అందులో అన్ని రంగుల పోగులూ కలగలిసి ఉన్నాయి. ఏ పార్టీవాడూ వేలెత్తి చూపలేడు. రెండు కట్టెలు పాతి, తాడును నడుమ సాగదీసి కట్టి, పూలు చుట్టారు. మైకు సరిచేస్తూ వెనక్కి తిరిగిన నరహరికి ఈ దృశ్యం కనిపించేసరికి సిద్ధన్న చేతిలో కత్తెర ఉంది.

చప్పట్లు మొదలయ్యాయి. సిద్ధన్న చిరునవ్వుతో కత్తెర ఆడించారు. తాడు తెగలేదు. నవ్వు అలాగే ఉంచి మళ్లీ ఆడించారు. తెగలేదు. ఆటోను కట్టి వేలాడదీసినా తెగని తాడది, బంగారు రంగు కత్తెరకు లొంగుతుందా? నరహరికి ఒక్క క్షణం గర్వంతో ఛాతీ పొంగింది. మరుక్షణం, తెగేదాకా వీళ్లు వదలరని అర్థమైంది.

"ఏందిరా గిది, తెగుతలేదు?" అన్నారు సిద్ధన్న, పెదవులు కదలకుండా.

"కత్తెర మొద్దుగున్నదన్నా," అని ఓంప్రకాశ్ చెమట తుడుచుకుంటూ, "అరె, ఇంకోటి తేరా!" అని అరిచారు.

దర్జీ దుకాణం నుంచి పెద్ద కత్తెర వచ్చింది. దాని నట్టు ఊడిపోయింది. ముఖ్య అతిథి చేతిలో తెగకుండా ఉండటం ఒక తాడుకు ఎంత పొగరో ఊహించండి. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. దీని వెనక ఎవరో ఉన్నారని ప్రచార కార్యదర్శి అనుమానం ప్రకటించారు. చివరికి వంటల దగ్గర మటన్ కొడుతున్న కత్తి తెచ్చి కడిగి చేతికిచ్చారు. సిద్ధన్న దాన్ని రంపంలా ఆడించారు. పై తొడుగు చీలి, లోపలి తెల్లని పోగులు బయటికి పొంగుకొచ్చాయి. సగానికి పైగా పోగులు తెగాయి, సగం మిగిలాయి. అంతే చాలని ఫోటోగ్రాఫర్ చెయ్యి ఊపాడు. చప్పట్లు మారుమోగాయి.

"ఇగ బిడ్డను ఎక్కమనుండ్రి," అన్నారు సిద్ధన్న కుర్చీలో కూర్చుంటూ. "మన ఆడపిల్లలు ఎవ్వరికి తక్కువ గాదని చూపియ్యాలె. జెల్దిన గానియ్యుండ్రి, చింతమడకల పెండ్లి ఉన్నది నాకు."

నరహరి గబగబా అధ్యక్షుడి చెవి దగ్గరికి పోయాడు. "తాడు కోసుకుపోయింది సార్. ఇది మనిషిని ఆపదు. పిల్ల జారితే నేరుగ కిందికే. మంచి ముక్క కోసి కడదామంటే గుట్ట సగానికి గూడ సాలదు."

"ఏం గాదు," అన్నారు ఓంప్రకాశ్.

పాఠకులకు తెలియనిది కాదు, మన దగ్గర అన్నిటికంటే ఎక్కువగా వాడే భద్రతా పరికరం ఇదే. బరువుండదు, తుప్పు పట్టదు, స్కూలు ఆటోలో ముందు సీటు మీద నలుగురు కూర్చున్నప్పుడూ, తడి చేతులతో మోటారు స్విచ్చి వేసినప్పుడూ ఇదే కాపాడుతూ వస్తోంది. నరహరి గౌరవాధ్యక్షుల్ని అడిగాడు, ఏం గాదన్నారు. సిద్ధన్న వెంట వచ్చినతన్ని అడిగాడు, ఏం గాదన్నాడు. కోశాధికారి మాత్రం బాధ్యతగా స్పందించి, నరహరి దుకాణం సంచిలోంచే కరెంటు టేపు తీసి తెగినచోట నాలుగు చుట్లు చుట్టి, దాని మీద పూలు సర్దాడు. ముందు వరుసలో కూర్చున్న బాలవ్వ, "పెద్దసారు అడుగుతున్నడు, పో బిడ్డా," అంది కూతురితో, ముసిముసిగా నవ్వుకుంటూ.

సింధూజ నవ్వడం లేదు. టేపు మీది పూలు పక్కకు జరిపి వేళ్లతో తడిమి చూసింది. తర్వాత నరహరి మొహంలోకి చూసింది. ఎక్కమంటే ఎక్కుతుంది, మొండిపిల్ల. తాడు కింద పట్టుకోవాల్సింది నరహరే. పిల్ల పడిపోతే తన చేతుల్లో ఉత్త తాడు మిగులుతుందని ఆయనకు ఏడుపొచ్చింది.

అప్పుడాయన జీవితంలో మొదటిసారి పిలవకుండా మైకు దగ్గరికి వెళ్లాడు.

"గౌరవనీయులు, బడుగు జీవుల ఆశాజ్యోతి, మన గుట్టలకే గుట్ట అయిన సిద్ధన్న గారికి," అని మొదలుపెట్టగానే సభ సర్దుకుని కూర్చుంది. "ఈ తాడును సామాన్యమైన తాడనుకోకుండ్రి. రెండు కత్తెరలకు లొంగనిది అన్న చేతికి తలవంచింది. అటువంటి తాడును మళ్ల మనం రాళ్లకు రాపిడి పెడుదామా? ఒకరి నడుముకు కట్టి, కాళ్ల కింద ఏసి తొక్కుదామా? అన్న చెయ్యి పడ్డ తాడు అది! నా పానం పోయినా సరే, దాన్ని నేను గుట్టకు కట్టనియ్య. అద్దాల పెట్టెల పెట్టి, మన ఆఫీసుల ముందు తరాలకు దాస్తం. ఇదే నా భద్రతా తీర్మానం!"

అందరూ లేచి నిలబడ్డారు. తాడు పాడైందని ముగ్గురికి చెబితే ఒక్కరూ వినలేదు. తాడు పవిత్రమనేసరికి వేదిక కదిలిపోయేంతగా జేజేలు కొట్టారు. సిద్ధన్న కళ్లు తుడుచుకున్నారు. తాడును చుట్టలు చుట్టి, శాలువా కప్పి, కొబ్బరికాయ కొట్టి సన్మానం చేశారు. ఊరేగింపుగా తీసుకెళ్లేటప్పుడు ఓంప్రకాశ్ దాన్ని తన తలమీదే మోశారు. హెల్మెట్ ఉండటం వల్ల ఆయనకు ఏ ఇబ్బందీ కలగలేదు. భద్రత పట్ల సంఘం చూపుతున్న శ్రద్ధకు ఇది చాలదా?

జనం భోజనాలకు మళ్లారు. సింధూజ ఫ్లెక్సీ అంచు ఎత్తి గుట్టను చూస్తూ నిలబడింది. నరహరి వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"మంచిగ మాట్లాడినవన్నా," అంది ఆ పిల్ల. మెచ్చుకుంటున్నట్టు లేదు. "తాడు ఖరాబైందని నిజం ఎందుకు చెప్పలే మైకుల?"

"నిజం చెప్తే నువ్వు ఎక్కాల్సొచ్చేది బిడ్డా."

సింధూజ ఫ్లెక్సీ అంచు వదిలేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "అండ్ల ఎవలెవల పైసలో ఉన్నయి. మనం ఎవలమో తెల్వకున్నా పంపిన్రు. కోస్తుంటెనే ఎందుకు ఆపకపోయినవ్?"

నరహరి తలదించుకున్నాడు. ఆపాల్సింది తనే, అది పదవి పేరులోనే ఉంది. ఉక్రోషంతో, "నువ్వు పక్కనే ఉంటివి గద, నువ్వెందుకు ఆపలే?" అన్నాడు.

"అందరు చప్పట్లు కొడుతున్నరన్నా." సింధూజ తన అరచేతులు చూసుకుంది. "నేను గూడ కొట్టిన."

ఈ కథ చదువుతున్న పాఠకులు ఆ రోజు ఎలుగుబంటి గుట్ట దగ్గర లేరు. ఉండి ఉంటే తప్పకుండా అడ్డం పడి ఆపేవాళ్లమని అనుకుంటున్నారు. సభకు వచ్చినవాళ్లు కూడా భోంచేసి ఇంటికి పోతూ దారిలో అదే అనుకున్నారు.