ఖాళీ గడి మహాసంగ్రామము

ఫాల్గుణము సగము కాకమునుపే గ్రీష్మప్రతాపమును అరువు దెచ్చుకొన్న ప్రచండమార్తాండుడు పత్తికొండ పురవీథులను పెనమువలె కాల్చుచుండ, టమోటాల వేలము ముగిసి మార్కెట్టు యార్డు మూగవోయి, కుక్కలు సైతము ఆటోల నీడను ఆశ్రయించిన మధ్యాహ్నవేళ జరిగిన ఘోరసమరమును చెప్పెద, వినుడు. నడుమ సెల్లుఫోను చూచువారికి మాత్రము చెప్పను.

అంగడివీథిలో రెండు దుకాణములు ఒకే గోడను పంచుకొని ఉండెను. ఒకదానియందు కిరాణాసామ్రాజ్యధురంధరుడు, పప్పుదినుసుల పరమేశ్వరుడు నాగసుబ్బయ్య శెట్టి. రెండవదానియందు సూచీసూత్రవిశారద, రవికెల రణధీర, దర్జీ గుల్జార్ బీ. అవి రంజాను ఉపవాసదినములు. తెల్లవారకమునుపే లేచి ఉపవాసమునకు ముందు తిను సహరీ వండి, పొద్దంతా పండుగబట్టలు కుట్టు ఆ యిల్లాలికి మధ్యాహ్నపు కునుకొక్కటే ఆధారము. ఆ కునుకును శెట్టిగారు దినదినమును చంపుచుండెను.

ఆయుధమేమి? చేతిలో ఇమిడెడు ఆటపెట్టె. పైనుండి ఇటుకలు రాలు ఆట లోకమంతటికిని తెలిసినదే. అందులో వరుస నిండిన మాయమగును, ఆడువాడు మురియును. ఆ మహనీయమైన ఆటకు పుట్టిన సంతానములలో ఎవరును పట్టించుకొనని కడగొట్టుపిల్ల యిది. దర్గా ఉరుసు సంతలో అసలు ఆటయే అనుకొని శెట్టి కొనితెచ్చెను, పాపము. దీనియందు ధర్మము తలక్రిందులు. గోపురమును తెర పైకొసదాకా కట్టవలెను గాని, ప్రతి వరుసలోను ఒక్క గడియైనను ఖాళీ విడువవలెను. వరుస నిండెనా, గోపురము సర్వము కూలి, పెట్టె చావింటివలె గొల్లుమనును. ధ్వని తగ్గించు మీట లేదు. చేసినవాని వంశము చల్లగుండ!

ఖాళీ విడుచుట శెట్టిగారి రక్తములోనే లేదయ్యా. అంగడిలో గూడు ఖాళీగా నుండిన లక్ష్మి అలిగిపోవునని తాతలనాటి కట్టడి. సరుకు లేనిచోట వట్టి బిస్కట్టు డబ్బాలనైనను పేర్చును. అట్టివాడు తెరపై ఖాళీ కనబడిన ఊరకుండునా? పూడ్చును. పెట్టె యేడ్చును. గోడకవతల గుల్జార్ బీ దిగ్గున లేచి కూర్చుండును.

ఒక్కమారు గెలిచిన చాలు, పెట్టెలోని బ్యాటరీ సెల్లులు పెరికివేసెదనని శెట్టి ప్రతిజ్ఞ. ఓడి మానుట వంశమునకే అప్రతిష్ఠ యట. నిద్రలేమిచే రవికెకు రెండు చేతులును ఒకేవైపు కుట్టిన దినమున, ఆ వీరాంగన మెడలోని కొలతటేపుతోనే బయలుదేరి, కిరాణాదుర్గమును ప్రవేశించి, బెల్లపుబస్తాల ప్రక్కన స్టూలు వేసికొని కూర్చుండెను. శెట్టి గెలువనిదే ఆమెకు నిద్ర లేదు.

సమరమారంభమాయెను. ఇటుకలు జలజల రాలుచుండ, ఆమె కనుసన్నల నడిపింప, గోపురము మునుపెన్నడును లేని ఎత్తునకు ఎగసెను. కడపటి అడుగు. పై వరుసలో ఒక్క గడి ఖాళీ. అంతలో, అయ్యో, సరిగ్గా ఆ గడికి కొలిచి కోసినట్టి ఒంటి ఇటుక దిగుచుండెను! ప్రక్కవాటిపై పెట్టిన గోపురము కొస తాకును, గెలుపు. గడిలో దించిన వరుస నిండును, సర్వనాశనము. శెట్టి బొటనవ్రేలు ఆ గడివైపే జరిగెను.

"నావల్ల కాదు గుల్జారమ్మా. ఖాళీ కండ్లబడినాక చెయ్యి ఆగదు. లక్ష్మి పోతాది."

అప్పుడా ధీరోదాత్త, మేఘగంభీరస్వరమున ఇట్లు పలికెను.

"సుబ్బన్నా, ఆ గూడు ఖాళీగా యాడుండాది? దాన్ని నేను బాడిగకు తీసుకున్యా. ఆడ నా నిద్ర పెట్టుకున్యా. బాడిగకిచ్చిన గూట్లో నీ సరుకు ఎట్ల పెడతావు?"

బాడిగ! ఆ మాట ఆ వర్తకశిఖామణి గుండెలో నేరుగా దిగెను. బాడిగకిచ్చినది ఖాళీ కానే కాదు. అందులో తన సరుకు త్రోయుట మహాపాపము. వ్రేలు ప్రక్కకు జరిగెను. ఇటుక గోపురశిఖరమున వాలెను.

పెట్టె యేడ్వలేదు. గెలుచువాడు పుట్టునని చేసినవారును తలపలేదు కాబోలు, గెలుపునకు పాటయే లేదు. తెరపై ఒక నక్షత్రము మినుకుమనెను, అంతే. దానిని వీథియంతటికిని చూపి రావలెనని శెట్టి ప్రాణము కొట్టుకొనెను. కాని ఆడినమాట ఉన్నదే! కన్నీరు దిగమ్రింగి సెల్లులు పెరికెను. నక్షత్రము ఆరిపోయెను. ఇక మిగిలిన సాక్షి ఒక్కతెయే. చెప్పించుకొందమని తిరిగిచూడగా, ఆమె బెల్లపుబస్తాకు తల ఆనించి అప్పుడే గుఱ్ఱుపెట్టుచుండెను.

అంతట కందిపప్పునకై వచ్చిన శివకుమారి గట్టిగా పిలువబోగా, జీవితములో ఏకైక విజయమును గొంతులో అదిమిపెట్టుకొన్న ఆ మహావీరుడు పెదవులపై వ్రేలుంచి, గింజ గలగలమనకుండ పప్పు తూచి యిచ్చెను. పత్తికొండ వాసులారా, తెలిసికొనుడు: నాడు సాయంకాలపు అసరు నమాజు బాంగు వినబడుదాక గుల్జార్ బీ నిద్ర చెడలేదు!