బాగుచేయకూడని ఫ్రిజ్

‘తడిగోడ’ అనే ప్రయోగాత్మక సంగీత బృందం తన తొలి ఆల్బమ్ ‘మూతపడని తలుపు’ను విడుదల చేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. బృందంలో సభ్యులు ముగ్గురు. ఒకరు గిటారు వాయిస్తారు, ఒకరు బకెట్ వాయిస్తారు, మూడో ఆయన ఏమీ వాయించరు. ఆయన బాధ్యతే కష్టమైనదని మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు. ప్రధాన వాద్యం మాత్రం అక్క వంటింట్లోని ఫ్రిజ్.

అక్క అంటే గిటారు వాయించే కుర్రాడికి సొంత అక్క. ఆమె ఫ్రిజ్ గురక పెడుతుంది, దగ్గుతుంది, మధ్యమధ్య ఒళ్లు విరుచుకుంటుంది. చల్లబరచడం తప్ప అన్నీ చేస్తుంది. పాలు విరిగిపోతున్నాయని ఆమె భర్తకు చెప్పింది. ఆయన “చూద్దాం” అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట తర్వాత ఎవరూ ఏదీ చూడరు. ఈలోగా అత్తగారి కళ్లకు ఆపరేషన్ అయింది. చుక్కల మందు చల్లగా ఉంచకపోతే పనిచేయదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పటినుంచి ఫ్రిజ్ దగ్గినప్పుడల్లా అక్క పరుగెత్తి సీసాను తడిమి చూసేది.

సరిగ్గా అప్పుడే తమ్ముడి బృందం కష్టాల్లో పడింది. వాళ్లది లో-ఫై సంగీతం. అంటే గరగర, బరబర, కుర్చీ కిర్రుమనడం వంటివన్నీ తీసేయకుండా ఉంచుతారు. స్టూడియోలో రికార్డు చేస్తే శబ్దం శుభ్రంగా వచ్చింది. ముగ్గురూ కుంగిపోయి అక్క ఇంటికి భోజనానికి వచ్చారు. వంటింట్లో ఫ్రిజ్ మూలిగింది. తమ్ముడి చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లలేదు.

“అక్కా, ఇన్నాళ్లూ దీన్ని ఎక్కడ దాచావే?”

“దాచడమేంట్రా? తీసుకెళ్లి బాగుచేయించి పట్రా.”

తమ్ముడు చెవులు మూసుకున్నాడు. రికార్డయినది చెరపకూడదు, పాడైనది బాగుచేయకూడదు. బృందం నియమావళిలో ఉన్నవి ఈ రెండే.

రికార్డింగ్ మొదలైంది. అక్క వంటింట్లోకి వెళ్లాలంటే అనుమతి కావలసివచ్చింది. ఓ మధ్యాహ్నం అత్తగారికి మందు వేసే వేళయింది. అక్క తలుపు తోసుకుని వెళ్లి సీసా తీసింది. అది గోరువెచ్చగా ఉంది. ఆమె ఓపిక నశించింది.

“ఈ ఫ్రిజ్ ఎవరైనా బాగుచేయించండి, మీకు దండం పెడతాను!”

నియమావళి ప్రకారం ఆ అరుపును చెరపలేదు. అదే మూడో పాట అయింది.

ఆ పాటతో ఆల్బమ్ ఊరంతా మోగిపోయింది. ‘ఆధునిక మానవుడి ఆత్మ ఇక్కడ ఫ్రిజ్ రూపంలో మూలుగుతోంది’ అని ఒక విమర్శకుడు రాశాడు. ఆయన ఇంట్లో ఫ్రిజ్ నిశ్శబ్దంగా పనిచేస్తుంది. అక్క గొంతు అందరి ఫోన్లలో రింగ్‌టోన్ అయింది. ఆమె భర్త కూడా అదే పెట్టుకున్నాడు. అక్క ఆఫీసుకు ఫోన్ చేసినప్పుడల్లా ఆయన జేబులో ముందు ఆమె గొంతు మోగేది, తర్వాత ఆయన “చూద్దాం” అనేవాడు. మందు సీసా దాచమని అడుగుదామని పక్కింటికి వెళితే, వాళ్లు మంచి ఫ్రిజ్ ఇచ్చేసి మూలిగేది తెచ్చుకున్నారు. ఆ మూలుగులు ఆగిపోకుండా మెకానిక్‌లు గేటు దాటి రాకూడదని కాలనీ నివాసుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సీసాను తడిగుడ్డలో చుట్టి కిటికీలో పెట్టడం తప్ప అక్కకు వేరే దారి లేకపోయింది.

ఆల్బమ్ విజయోత్సవ సభకు ఫ్రిజ్‌ను పరుపుల మధ్య పెట్టి వ్యానులో తీసుకెళ్లారు. ఆపరేషన్ అయిన అత్తగారు బస్సులో వెళ్లారు. సంఘం అధ్యక్షుడు లేచి, “వినడం ఒక సంస్కారం. ఆ సంస్కారం మనకు నిండుగా ఉంది” అని గంటసేపు ఎవరినీ మాట్లాడనివ్వలేదు. తర్వాత అక్కను మైకు ముందుకు పిలిచారు.

అక్క ఇంతమందిని చూసి ఆశపడింది. ఇందులో ఒక్కరికైనా జాలి కలగకపోతుందా అనుకుంది.

“నేను పాడటానికి రాలేదండీ. మా అత్తయ్య కళ్లు ఎర్రబడుతున్నాయి. మందు పాడైపోతోంది. ఈ ఫ్రిజ్ ఎవరైనా బాగుచేయించండి.”

“మీకు దండం పెడతాను!” అని హాలంతా ఒక్క గొంతుతో అందుకుంది. ముందు వరుసలో భర్త కళ్లు తుడుచుకుంటూ, “మా ఆవిడ ప్రాణం పెట్టి పాడుతుందండీ” అన్నాడు పక్కాయనతో. అత్తగారి కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. మర్నాడు పత్రికలో ఆ ఫొటోయే వచ్చింది, ‘పాటకు కరిగిన కళ్లు’ అనే శీర్షికతో.

ఇక లాభం లేదని అక్క తీర్మానాన్ని పక్కనపెట్టి, గుట్టుగా తనే మెకానిక్‌కు ఫోన్ చేసింది.

“మా ఫ్రిజ్ చల్లబడటం లేదు బాబూ. కాస్త వచ్చి…”

అవతల పానా కిందపడిన చప్పుడయింది.

“మేడమ్, ఆ గొంతు మీదేనా? ఒక్క నిమిషం, స్పీకర్‌లో పెడతాను. మా ఇంటిల్లిపాదీ మీ అభిమానులమండీ. ఆ ముక్క ఒక్కసారి అనరూ?”

అక్క కళ్లు మూసుకుంది. “ఈ ఫ్రిజ్ ఎవరైనా బాగుచేయించండి, మీకు దండం పెడతాను.”

చప్పట్లు మోగాయి. పిల్లలు ఈలలు వేశారు. “ఎంత బాధ పలికించారు మేడమ్” అని మెకానిక్ ఫోన్ పెట్టేశాడు.

కళ్లకు గుడ్డ అడ్డం పెట్టుకుని అత్తగారు గది గుమ్మంలో నిలబడ్డారు.

“వస్తానన్నాడా అమ్మాయ్?”

“చప్పట్లు కొట్టారు అత్తయ్యా.”

ఈ కథ మీకు నచ్చితే మీరు కూడా కొట్టవచ్చు. ఫ్రిజ్ అలాగే ఉంది.