మూడింట్లో రెండే

ఒకే పనిని త్వరగా, చవకగా, బాగా చేయించుకోవడం సమాజానికి హానికరమని మా పురపాలక సంఘం మూడేళ్ల కిందట కనుగొంది. ఈ మూడింట్లో ఏ రెండైనా కోరవచ్చు. మూడోదాన్ని కూడా ఆశించడం నేరం. అమలు చూడడానికి సమతుల్య శాఖను నెలకొల్పారు. (దాని భవనం రెండేళ్లు కట్టారు, ఖర్చు విపరీతంగా అయింది, పైకప్పు కారుతుంది. శాఖకు మినహాయింపు ఉంది.)

మొదటి తాఖీదు రొట్టెల అబ్దిల్దాకు అందింది. అతని తందూరు రొట్టె బాగుండేది, చవక, అడగగానే దొరికేది. ఇప్పుడతను పొయ్యిలోంచి తీసిన రొట్టెను అరగంట అరమీద పెట్టి, చల్లారాక అమ్ముతున్నాడు.

"నన్ను తిడితే ఏం లాభం అక్కా? ఆలస్యం చెయ్యమని రాసిచ్చారు," అంటాడు కొనడానికి వచ్చిన ఆడవాళ్లతో.

నేను బడిలో లెక్కలు చెబుతాను. ఆ నియమంలో నాకు పెద్ద లోపమేమీ కనిపించలేదు, ఒక మంగళవారం ఉదయం నా భార్య సుయుంకన్ చనిపోయేవరకు.

మనిషి పోతే వాకిట్లో బోజ్ ఊయ్ వెయ్యాలి. కర్రల అల్లిక మీద ఉన్ని కప్పిన గుండ్రటి గుడారం. పోయినవారిని అందులో పడుకోబెడతారు. ఆడవాళ్లు లోపల కూర్చుని, పోయినవారి గుణాలు పాడుతూ ఏడుస్తారు. సుయుంకన్ వాళ్లక్క నరీన్ పట్నం నుంచి బయలుదేరింది. మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. గుడారం లేకపోతే ఆమెకు ఏడవడానికి చోటుండదు.

గుడారాలు ఇప్పుడు శాఖ ద్వారానే పొందాలి. కిటికీ వెనక మెదెర్‌బెక్ ఉన్నాడు. నా దగ్గర చదువుకున్నవాడే.

"ఏ రెండు కావాలి మాస్టారూ?"

"ఏమున్నాయి?"

"త్వరగా, చవకగా అంటే ప్లాస్టిక్‌ది. దానిమీద ఐస్‌క్రీం బొమ్మ ఉంటుంది. దాన్ని వీధివైపు తిప్పి కడతాం, మీకు కనపడదు. చవకగా, బాగా అంటే అసలు ఉన్నిది. వచ్చే వారం వస్తుంది."

"ఎల్లుండి ఖననం, బాబూ."

"అదీ నిజమే." రిజిస్టరులో పేజీ తిప్పాడు. "త్వరగా, బాగా కూడా ఉంది. దాని ధర నేను చెప్పకూడదు. పై అంతస్తులో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి చెబుతారు."

ఆలోచించి చెబుతానని ఇంటికి వచ్చాను. వాకిట్లో గుడారం సగం లేచి ఉంది. మా వీధి ఉమ్మడి గుడారాన్ని శాఖకు అప్పగించమని, దాన్ని తన ఇంట్లో దాచే తొక్తోసున్ తాతకు మూడేళ్ల కిందటే ఉత్తరం వచ్చింది. (ఎప్పటిలోగా అన్నది అందులో లేదు.) ఆయన పెట్టె మీదెక్కి పైకప్పు కర్రలు దూరుస్తున్నాడు. ఎదురింటి అసిల్‌కన్ అక్క ఉన్ని పరుస్తోంది.

"ఎక్కడికి పోయావయ్యా పంతులూ? ఈ కర్ర పట్టుకో!"

"కార్యాలయానికి, తాతా."

"దేనికి?"

కర్ర పట్టుకున్నాను. సమోవారులో టీ నీళ్లు మరిగేలోపు గుడారం నిలబడింది. సుయుంకన్‌ను లోపలికి తీసుకెళ్లారు.

అప్పుడే మెదెర్‌బెక్ కాగితాలతో తనిఖీకి వచ్చాడు. చుట్టూ తిరిగాడు, తాడు లాగి చూశాడు.

"త్వరగా అయింది. బాగుంది. డబ్బులెవరైనా తీసుకున్నారా?"

"నీ బుద్ధి కాలా! చావింట్లో డబ్బులా?" అంది అసిల్‌కన్ అక్క.

"అయితే మూడూ వచ్చాయి మాస్టారూ. ఒకటి వదులుకోవాలి. లేకపోతే విప్పించాలి. నన్నేం చెయ్యమంటారు?"

వీధి మలుపులో ఏడుపు వినిపించింది. సుయుంకన్ వాళ్లక్క కారు దిగి, చెల్లెలి పేరు పిలుస్తూ వస్తోంది. మమ్మల్నెవరినీ చూడకుండా నేరుగా గుడారంలోకి వెళ్లిపోయింది. లోపల పాట మొదలైంది.

"వదులుకోవాల్సింది పొద్దున్నే వదులుకున్నాడు. రాసుకో," అంది అసిల్‌కన్ అక్క.

మెదెర్‌బెక్ టోపీ తీశాడు. తర్వాత 'చవకగా' అన్న మాట కొట్టేసి, 'ఇంటివారు పూర్తి ధర చెల్లించారు' అని రాసి, ముద్ర వేశాడు.

పదిరోజులకు శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. పరిశీలించారట. ధర సమంజసంగానే ఉందని తేల్చారు.